వోల్టేజ్ అదుపు: కరెంటు ఎదురు తిరిగాక

ఎండ బాగా కాస్తున్న వేళ ఇంటి మీది సోలార్ ఇన్వర్టర్ ఆగిపోయిందంటే, చాలాసార్లు లోపం దానిలో ఉండదు. లైన్‌లో వోల్టేజ్ హద్దు దాటడంతో అది తనంతట తానే తప్పుకుంటుంది. ఈ చిక్కు మూలాలు పాతవే.

తీగలో కరెంటు పారితే కొంత వోల్టేజ్ దారిలోనే పోతుంది. న్యూయార్క్‌లో 1882లో ఎడిసన్ మొదలుపెట్టిన పెర్ల్ స్ట్రీట్ స్టేషన్ ఇచ్చింది 110 వోల్టుల డీసీ. దాన్ని మైలు దాటి పంపడం గిట్టుబాటు కాలేదు. 1885లో బుడాపెస్ట్ ఇంజినీర్లు జిపెర్నోవ్‌స్కీ, బ్లాతి, డేరి రూపొందించిన, ఏసీ వోల్టేజ్‌ను పెంచి దించే ట్రాన్స్‌ఫార్మర్‌తో దూరం సమస్య తీరింది. గంటగంటకూ మారే వాడకం సంగతి మాత్రం తేలలేదు.

ట్రాన్స్‌ఫార్మర్ చుట్లు మారిస్తే వోల్టేజ్ మారుతుంది. సరఫరా ఆపకుండా మార్చడమే కష్టం. ఒక ట్యాప్ (చుట్ల మధ్య నుంచి తీసిన కనెక్షన్) వదిలాక రెండోది పట్టుకుంటే కరెంటు తెగుతుంది, రెండూ కలిపి పట్టుకుంటే మధ్య చుట్లు షార్ట్ అవుతాయి. 1920ల్లో జర్మనీకి చెందిన బెర్న్‌హార్డ్ యాన్సెన్ ఆ క్షణకాలం రెసిస్టర్లను అడ్డుపెట్టి, స్ప్రింగ్ బలంతో పని చిటికెలో ముగించాడు. నా లెక్కలో ఈ కథలో అందమైన ఘట్టం ఇదే.

తర్వాత అదుపంతా సబ్‌స్టేషన్ చేతికొచ్చింది. బయటికి వెళ్లే కరెంటును కొలిచి, లైన్ చివర ఎంత తగ్గుతుందో అంచనా కట్టి, ఆ మేరకు మొదట్లోనే పెంచడం. కరెంటు ఒకే దిక్కుకు పారుతుందన్న నమ్మకం మీదే ఈ లెక్కంతా నడిచింది.

ఇళ్ల మీద సోలార్ వచ్చాక అది తప్పింది. మధ్యాహ్నం మిగులు కరెంటు వెనక్కి తోసుకొస్తే లైన్ చివరే వోల్టేజ్ ఎక్కువ. పైగా సబ్‌స్టేషన్ మీటరుకు లోడు తగ్గినట్టు కనిపించి వోల్టేజ్ దించితే, సోలార్ లేని పక్క ఫీడర్‌లో (అదే సబ్‌స్టేషన్ నుంచి వెళ్లే మరో లైన్‌లో) లో వోల్టేజ్!

అమెరికాలో ఇలాంటి చిన్న ఉత్పత్తి వనరులను గ్రిడ్‌కు కలపడానికి ఇంజినీర్ల సంస్థ ఐఈఈఈ పెట్టిన 2003 నాటి 1547 ప్రమాణం ఇన్వర్టర్లు వోల్టేజ్ జోలికి రాకూడదంది. సోలార్ అరుదుగా ఉన్న రోజుల్లో అది సబబే. 2014 సవరణ అనుమతించింది, 2018 కూర్పు ఆ సామర్థ్యం ఉండి తీరాలంది. జర్మనీ 2011లోనే లో వోల్టేజ్ లైన్ల ఇన్వర్టర్లకు రియాక్టివ్ పవర్ (పని చేయకుండా లైన్‌లో అటూ ఇటూ ఊగుతూ, వోల్టేజ్‌ను పెంచడానికో దించడానికో పనికొచ్చే పవర్) బాధ్యత అప్పగించింది.

అయితే ఇళ్లకు వచ్చే తీగల్లో రెసిస్టెన్స్‌దే పైచేయి కాబట్టి రియాక్టివ్ పవర్ ప్రభావం పరిమితం. అది చాలనప్పుడు ఉత్పత్తినే తగ్గించాలి. వోల్టేజ్ ముందుగా హద్దు తాకేది లైన్ చివరి ఇంట్లో కాబట్టి, అందరి మిగులు వల్ల వచ్చే కోత ఎక్కువగా పడేది ఆ ఇంటికే. ఆ నష్టం ఎలా పంచాలన్న దానిపైనే ఇప్పుడు వాదన నడుస్తోంది.