హాజరు తగ్గితే బడి నుంచి పేరు తీసేస్తారా? అపోహలు - వాస్తవాలు

ఉగాది అయిన మూడో రోజు. ప్రేయర్ ముగిసి పిల్లలంతా తరగతుల్లోకి వెళ్లాక చూస్తే గేటు బయట ఒక తల్లి నిలబడి ఉంది. లోపలికి రాదు, వెళ్లిపోదు. ఆమె వెనక ఏడో తరగతి చదవాల్సిన పిల్ల. దీపావళి కాగానే పత్తి తీతకు, అది అయ్యాక గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోయిన కుటుంబం. పిలిచి కూర్చోబెట్టాను. ఆమె అన్న మొదటి మాట: "పేరు కొట్టేసింటారు గదా మేడం. ఊరికే ఒకమాట అడిగిపోదామని వచ్చినా."

ఊరికి తిరిగొచ్చి అప్పటికి పదహారు రోజులట. ఆ పదహారు రోజులూ పిల్ల ఇంట్లోనే ఉంది. బడి రెండు వీధుల అవతలే.

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, ఆలూరు వైపు పనిచేసిన ఏ టీచరును అడిగినా ఈ మాట ఏటా విన్నామనే చెబుతారు. సుగ్గికి, అంటే పొరుగూళ్లకు వలస కూలికి, పోయిన పెద్దవాళ్లు తిరిగొస్తారు, పిల్లలు మాత్రం బడికి తిరిగి రారు. బడి మీద ఇష్టం లేక కాదు, పేరు లేదేమోనన్న భయంతో. అందుకే ముందు ఈ ఒక్క అపోహ సంగతి తేల్చాలి. మిగిలినవన్నీ దీని తర్వాతే.

అపోహ: ఇన్ని రోజులు రాకపోతే పేరు కొట్టేస్తారు, మళ్లీ చేర్చుకోరు.

వాస్తవం: ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనూ బడి నుంచి తీసేయకూడదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ చెప్పేది ఇదే. ప్రభుత్వ బడికీ ప్రైవేటు బడికీ కలిపే చెప్పింది. 2019లో ఆ సెక్షన్‌ను సవరించి, ఐదు, ఎనిమిది తరగతుల్లో పరీక్ష తప్పినవాళ్లను అదే తరగతిలో ఉంచాలా వద్దా అన్నది రాష్ట్రాలకు వదిలారు. బడి నుంచి తీసేయకూడదన్న మాటను మాత్రం ముట్టుకోలేదు. నాలుగు నెలలు రాకపోయినా మీ పిల్ల మా బడి పిల్లే. రేపు ఉదయం వస్తే రేపటి నుంచే హాజరు వేస్తాం. ప్రభుత్వ బడిలో దీనికి ఫైను లేదు, రీ-అడ్మిషన్ ఫీజు లేదు, అఫిడవిట్టు అక్కర్లేదు.

ఈ భయం గాలిలోంచి పుట్టలేదు. ఇన్ని రోజులు వరసగా రాకపోతే పేరు తీసేయడం, ఫైను కట్టించుకుని మళ్లీ రాసుకోవడం ఒకప్పటి పద్ధతి. ఇప్పటి తల్లిదండ్రులు చదువుకున్న రోజుల్లో అది వాళ్ల కళ్లముందే జరిగింది. ఇప్పటికీ కోపంలో "ఇంకో వారం రాకుంటే పేరు కొట్టేస్తా" అని బెదిరించే టీచర్లున్నారు. వాళ్లకు నా విన్నపం, ఆ మాట మానేయండి. బడి ఎగ్గొట్టే పిల్లవాడు దానికి భయపడడు. సుగ్గికి పోయొచ్చిన తల్లి మాత్రం నిజమనుకుంటుంది.

దీనికి తోక ఒకటుంది. "ఎట్లాగూ వేసవి సెలవులు వస్తున్నాయి, జూన్‌లో చేరుద్దాం." మార్చిలో వచ్చిన పిల్లను జూన్ దాకా ఆపితే మధ్యలో ఏమవుతుందో నేను చూశాను. ఏప్రిల్‌లో ఎవరో మేనత్త బెంగళూరు తీసుకుపోతుంది, మే నెలలో ఇంకో పని దొరుకుతుంది, జూన్‌లో ఆ పిల్ల సంగతి అడిగితే పెళ్లి మాటలు నడుస్తున్నాయంటారు. చట్టం 15వ సెక్షన్ ప్రకారం గడువు దాటిందని కూడా ప్రవేశం నిరాకరించకూడదు. పేరు ముందే ఉన్న పిల్ల విషయంలో ఇక గడువు మాటే లేదు. సోమవారం మంచిదని కూడా ఆగకండి, గురువారం ఊరికి వస్తే శుక్రవారం పంపండి.

"పాఠాలు పోయినాయి, కింది తరగతిలో కూర్చోబెడతారేమో" అని పిల్లలే సిగ్గుపడతారు. అది కూడా జరగదు. వయసుకు తగ్గ తరగతిలోనే కూర్చోబెట్టి, తప్పిపోయినది విడిగా నేర్పాలని 4వ సెక్షన్ చెబుతోంది. నేను మాత్రం మొదటి వారం పాఠం అప్పజెప్పమని అడగను, నోట్సు ఎక్కించమనను. పక్కన ఎవరు కూర్చుంటారో చూసుకోమంటాను, అంతే. ఆ వారం నిలిచిన పిల్ల ఏడాదంతా నిలుస్తుంది.

అపోహ: 75 శాతం తగ్గితే పథకం డబ్బు రాదు. డబ్బు రానప్పుడు బడికి పోయి ఏం లాభం?

ఇందులో సగం నిజం, అందుకే దీంతో ఎక్కువ ప్రమాదం. అమ్మఒడికైనా, ఇప్పటి తల్లికి వందనానికైనా 75 శాతం హాజరు షరతు ఉంది. ఏటా పదిహేను వేలలో రెండు వేలు బడి నిర్వహణకు పోగా పదమూడు వేలు తల్లి ఖాతాలో పడతాయి. ఒక కూలి కుటుంబానికి అది చిన్న మొత్తం కాదని నాకు తెలుసు. కానీ డబ్బు వేరు, బడిలో పేరు వేరు. డబ్బు ఆగినంత మాత్రాన పేరు పోదు, పుస్తకాలు ఆగవు, మధ్యాహ్న భోజనం ఆగదు.

లెక్క కూడా సరిగా తెలుసుకోండి. శాతం కట్టేది బడి నడిచిన రోజుల మీద, క్యాలెండర్ రోజుల మీద కాదు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలనుకుంటే 165 రోజులు రావాలి, 55 రోజుల దాకా తప్పినా నష్టం లేదు. నవంబరు నుంచి ఉగాది దాకా వెళ్లిపోతే సుమారు వంద పనిదినాలు పోతాయి. అప్పుడు ఏ హెచ్.ఎం. కూడా ఏమీ చేయలేరు. జ్వరం వచ్చి లీవ్ లెటర్ ఇచ్చినా ఆ రోజు హాజరు కిందికి రాదు. ఉత్తరం కారణం చెబుతుంది, రోజును తిరిగి తేదు.

అందుకని చేయాల్సిన పని సుగ్గికి బయలుదేరే ముందే ఉంది. మన వలస మండలాల్లో సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు నడుస్తాయి. పిల్లలు ఊళ్లోనే తిని, ఊళ్లోనే పడుకుని, రోజూ బడికి వస్తారు. దసరా సెలవులయ్యాక వచ్చి అడగండి. "ఆడపిల్లను వదిలి ఎట్లా పోవాలి మేడం" అని ఏడ్చిన తల్లులున్నారు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసేయను. హాస్టల్ చూడండి, రాత్రి ఎవరుంటారో అడగండి, నచ్చకపోతే అవ్వ దగ్గర ఉంచండి. అదీ కుదరక వెంట తీసుకుపోతే, పనిచేసే ఊరి బడిలో చేర్చండి. టీసీ రావడం ఆలస్యమైందని వాళ్లు కాదనకూడదు.

కొత్త బడిలో చేర్చేటప్పుడు "ఆన్‌లైన్లో పేరు పోయింది" అని ఎవరైనా అంటే కంగారు పడకండి. యూడైస్‌లో, అంటే దేశంలోని బడిపిల్లల ఆన్‌లైన్ రికార్డులో, పేరు పోదు. బడి మానిన పిల్లల పేర్లుండే డ్రాప్‌బాక్సు అనే జాబితాలోకి వెళుతుంది. ప్రతి పిల్లకూ ఇచ్చే శాశ్వత విద్యా సంఖ్య, అదే పెన్ నంబరుతో, కొత్త బడి మళ్లీ లాక్కోవచ్చు.

అపోహ: పాపం, ప్రెజెంట్ వేసేస్తే పోయేదేముంది?

ఇది మా టీచర్ల అపోహ. నాదీ. చాలా ఏళ్ల కిందట ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు, తండ్రి మంచాన పడ్డాడు, తల్లి వచ్చి బతిమాలింది. నెలన్నర పాటు వాడు రాకపోయినా ప్రెజెంట్ వేశాను. బడి బయటి పిల్లల జాబితా పట్టుకుని సీఆర్పీ (కొన్ని బడులను కలిపి చూసుకునే క్లస్టర్ రిసోర్స్ పర్సన్) ఊరంతా తిరిగారు. అందులో వాడి పేరు లేదు, రికార్డులో రోజూ బడికి వస్తున్నాడు కదా. ఎవరూ వెతకలేదు. నేను వాళ్లింటికి వెళ్లేసరికి వాడు బెంగళూరులో కట్టడం పనిలో ఉన్నాడు. గైర్హాజరు గుర్తు పడితేనే ఆ పిల్లవాడి కోసం ఎవరో ఒకరు ఆ ఇంటి తలుపు తడతారు. ఆ తర్వాత ఎంత బతిమాలినా నేను ఒక్క రోజు కూడా అబద్ధపు హాజరు వేయలేదు.

అపోహ: డుమ్మా కొట్టేవాడికి రెండు తగిలిస్తే దారికొస్తాడు.

కొట్టడం, మనసు నొచ్చేలా అవమానించడం రెండూ 17వ సెక్షన్ కింద నిషేధం. చట్టం సంగతి పక్కన పెట్టినా, కొట్టిన పిల్లవాడు మర్నాడు వస్తాడు, ఆ తర్వాత వారం రాడు. నేను చేసేది ఒకటే, రిజిస్టరును అడ్డంగా చదవడం. ప్రతి సోమవారం రాకపోతే ఆ ఊరి సంత సోమవారమా అని చూస్తాను. నెలకు మూడు నాలుగు రోజులు వరసగా రాని ఆడపిల్ల ఉంటే మరుగుదొడ్డిలో నీళ్లు వస్తున్నాయా అని చూస్తాను. ఆరో తరగతి అబ్బాయి ఒకడు సంచి తగిలించుకుని ఇంటి నుంచి రోజూ బయలుదేరేవాడు, వారంలో రెండు రోజులు ఆంజనేయస్వామి గుడి కట్ట మీదే సాయంత్రం దాకా కూర్చునేవాడు. ఆ రెండు రోజులూ మొదటి పీరియడ్‌లో పాఠం పైకి చదివించేవాళ్లు. వాడికి ఒత్తులు చదవడం రాదు. నలభై మంది ముందు నిలబడటం కన్నా ఎండలో కూర్చోవడమే వాడికి నయమనిపించింది. పైకి చదివించడం ఆపి, భోజనం తర్వాత పావుగంట నా దగ్గర కూర్చోబెట్టుకున్నాను. రెండు నెలల్లో గుడి కట్ట ఖాళీ అయింది.

ఇక త్వరగా చెప్పేస్తాను. పిల్ల బడికి రాలేదని తల్లిదండ్రుల మీద కేసు పెడతారన్నది పుకారు. బడికి పంపడం మీ బాధ్యత అని విద్యాహక్కు చట్టం అంటుంది, దానికి జైలు, జరిమానా పెట్టలేదు. పద్నాలుగేళ్లలోపు పిల్లను పనిలో పెట్టుకున్న యజమానికి మాత్రం శిక్ష ఉంది. "మన చేలో మన పిల్ల పనిచేస్తే తప్పేంటి" అంటే, బడి వేళలు అయ్యాక, సెలవుల్లో సాయం చేయొచ్చు. బడి మాన్పించి కాదు.

తొమ్మిది, పది తరగతుల సంగతి వేరు, అక్కడ హాజరును పరీక్షకు ముడిపెట్టారు. సీబీఎస్ఈలోనైతే 75 శాతం నిబంధన రాసే ఉంది. పదో తరగతి పిల్లల తల్లిదండ్రులు నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) పంపకముందే హెచ్.ఎం.ను కలవండి, ఆసుపత్రి కాగితాలుంటే వెంట తెండి. ఆ ఏడు నిజంగానే దాటిపోతే పద్నాలుగేళ్లు నిండిన పిల్ల ఓపెన్ స్కూల్లో పది రాయొచ్చు.

ఉగాదికి వచ్చిన ఆ పిల్లకు ఆ పూట సంచి లేదు. తల్లి ఇంటికి పోయి తెస్తానంది. వద్దన్నాను, పక్క పిల్ల పుస్తకంలో చూసుకుంటుందని చెప్పి ఏడో తరగతి గదిలోకి తీసుకెళ్లాను. హాజరు పిలవడం అప్పటికే అయిపోయింది. ఆ పేరు ఒక్కటీ మళ్లీ పిలిచాను.