చలివేంద్రం కాడ గ్లాసు: గొలుసు నుంచి మడత కప్పు దాకా

మార్చి ఆఖరుకే తిరుపతిలో ఎండ ముదురుతుంది. బస్టాండు ముందు, రైల్వే స్టేషను దగ్గర, అలిపిరి పోయే దారి పొడవునా చలివేంద్రాలు వెలుస్తాయి. నీళ్లకు కొదవుండదు. ఆ నీళ్లు దేంతో తాగాలన్నదే ఏటా తేలకుండా మిగిలిపోతున్న సంగతి. 2022 జూన్ 1 నుంచి తిరుమల కొండ మీద ప్లాస్టిక్‌ను పూర్తిగా ఆపేశారు. సరిగ్గా నెలకు, అంటే జులై 1న, ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ గ్లాసులు, కప్పులు, ప్లేట్ల మీద కేంద్రం నిషేధం దేశమంతటా అమల్లోకి వచ్చింది. ప్లాస్టిక్ గ్లాసు పోయిన చోటికి పేపర్ కప్పు వచ్చి కూర్చుంది. దాని లోపలి గోడకున్నదీ ప్లాస్టిక్ పూతే. స్టీలు గ్లాసు పెడదామంటే కడిగే మనిషి కావాలి, కడగడానికి తాగే నీళ్లంత నీళ్లు కావాలి. అందుకే చదునుగా మడిచి ఉండి, వేళ్లతో నొక్కితే తెరుచుకునే పూత లేని కాగితపు కప్పు గురించి ఇప్పుడు గట్టిగా ఆలోచించాలి. ఇది కొత్త వస్తువేమీ కాదు.

గ్లాసు లేని రోజుల్లో మన పల్లెల్లో దారిన పోయేవాళ్లు దోసిలి పట్టేవాళ్లు, పైనుంచి చెంబుతో పోసేవాళ్లు. ఇంట్లోనైనా చెంబు పైకెత్తి పెదవికి తగలకుండా తాగడం అలవాటు. ఎంగిలి పట్టింపు వల్ల ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి రోగం పాకడం కొంత తగ్గింది, నిజమే. అదే పట్టింపు కులం చేతిలో ఆయుధమైంది. తెలుగు పల్లెల హోటళ్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టి, వాళ్ల గ్లాసు వాళ్లే కడుక్కోవాలనే రెండు గ్లాసుల పద్ధతి, 1955లో అస్పృశ్యత నేరాల చట్టం వచ్చాక కూడా చాలా ఏళ్లు నడిచింది. తరవాత కొన్ని చోట్ల రెండో గ్లాసు స్థానంలో పారేసే కప్పు పెట్టి, పాత వివక్షకు కొత్త ముసుగు తొడిగారు. నీళ్ల గ్లాసు రూపం మార్చాలనుకునేవాళ్లు ఈ చరిత్రను పక్కన పెట్టకూడదు. కప్పు ఏదైనా సరే, అందరికీ అదే కప్పు కావాలి.

మడిచి చేసిన పాత్ర కూడా మనకు ఎరుకే. పచ్చి తాటాకును విప్పి, రెండు కొసలు దగ్గరికి లాగి కట్టి, దొప్ప చేసి కల్లు, గంజి పోసుకునేవాళ్లు. విస్తరాకు దొన్నెకు పుల్లలు గుచ్చుతారు, అందుకే పులుసు పోస్తే కారుతుంది. తాటాకు దొప్పకు అడుగున అతుకూ లేదు, చిల్లూ లేదు, అందుకే కారదు. కాగితపు మడత కప్పు పనిచేసేదీ సరిగ్గా ఈ కారణం మీదే.

పారేసే కప్పు పుట్టింది అమెరికాలో. అక్కడి బడుల్లో, రైళ్లలో, వీధి కుళాయిల దగ్గర గొలుసుతో కట్టిన రేకు గ్లాసు ఒకటే ఉండేది, ఊరంతా దాంతోనే తాగేవాళ్లు. 1907లో బోస్టన్ వాసి లారెన్స్ లూయెల్లెన్ కాగితపు కప్పు తయారుచేశాడు. హ్యూ మూర్‌తో కలిసి, ఒక సెంటు నాణెం వేస్తే చల్లటి నీళ్లూ ఒక కప్పూ ఇచ్చే యంత్రాలను అమ్మడం మొదలుపెట్టాడు. మొదట్లో వాటిని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1908లో ఆల్విన్ డేవిసన్ అనే జీవశాస్త్ర ఆచార్యుడు బడి గ్లాసుల అంచుల్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి, ఆ గ్లాసుల్లో మృత్యువు ఉందని రాశాడు. మరుసటి ఏడాది కాన్సాస్ రాష్ట్రంలో డాక్టర్ శామ్యూల్ క్రంబైన్ పట్టుబట్టి ఉమ్మడి గ్లాసును నిషేధింపజేశాడు. 1912లో రాష్ట్రాల మధ్య తిరిగే రైళ్లలోనూ అది పోయింది. 1918 ఫ్లూ వచ్చాక మిగతా జనానికి కూడా భయం పట్టుకుంది. మొదట హెల్త్ కప్ అని పిలిచిన ఆ సరుకే 1919లో డిక్సీ కప్ అయింది. మన ఊళ్లలో 2020లో కోవిడ్ వచ్చినప్పుడు గొలుసు గ్లాసులు మాయమైన తీరూ ఇంచుమించు ఇదే.

గుండ్రటి కప్పుతో పాటే దాని చదును రూపాలు కూడా వాడుకలోకి వచ్చాయి: అడుగు మూసిన కవరు లాంటి కప్పు, గరాటు కప్పు. జపాన్ తొలి తరం బుల్లెట్ రైళ్లలో చల్లని నీటి కుళాయి పక్కన కవరు కప్పులే ఉండేవి. రెండూ నేల మీద నిలబడవు. అది లోపమని కొందరంటారు. నీళ్ల కుళాయి దగ్గర మాత్రం అదే మేలు. కింద పెట్టడానికి వీల్లేదు కాబట్టి తాగి వెంటనే పారేస్తారు, సగం తాగిన కప్పులు గట్టు మీద వరసగా మిగలవు.

ఇక పూత సంగతి. తొలి కప్పులకు పారఫిన్ మైనం పూసేవాళ్లు. మైనం 50–60 డిగ్రీలకే కరుగుతుంది, అంటే వేడి టీకి పనికిరాదు. తరవాత పాలిథిన్ పూత వచ్చి కప్పు టీకీ కాఫీకీ తట్టుకుంది, కానీ కాగితం మళ్లీ గుజ్జు కావడం కష్టమైంది. 2020లో ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు ఇలాంటి కప్పుల్లో 85–90 డిగ్రీల వేడి నీళ్లు పోసి 15 నిమిషాలు ఉంచితే, 100 మి.లీ.లో దాదాపు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు తేలాయి. కేంద్రం 2022 జాబితాలో పూత ఉన్న పేపర్ కప్పు లేదు. చిత్తూరు దాటి తమిళనాడులోకి అడుగుపెడితే లెక్క వేరు. అక్కడ 2019 జనవరి 1 నుంచే ప్లాస్టిక్ పూత ఉన్న పేపర్ కప్పులకు నిషేధం ఉంది. తయారీదారులు సుప్రీంకోర్టుకు వెళ్లినా 2023లో కోర్టు ఆ నిషేధాన్ని నిలబెట్టింది. సరిహద్దుకు ఈ పక్క చెల్లే కప్పు ఆ పక్క చెల్లదు. రెండు వైపులా చెల్లాలంటే పూత లేని కప్పే కావాలి.

మడతలోని కిటుకు

మడత కప్పుకు గమ్ము అక్కర్లేదు, అడుగు ముక్క అక్కర్లేదు, చదరపు కాగితం ఒకటి చాలు. ప్రెస్సుల్లో దొరికే 23 × 36 అంగుళాల షీటును 7.2 అంగుళాల చదరాలుగా కోస్తే 15 వస్తాయి, పక్కన అంగుళంన్నర కన్నా తక్కువ పట్టీ మాత్రమే వృథా. చదరం భుజం 18.3 సెం.మీ. కాగితం 60 జీఎస్‌ఎం (చదరపు మీటరు కాగితం బరువు 60 గ్రాములు) అయితే ఒక్కో కప్పు బరువు 2 గ్రాములు. 500 షీట్ల రీము సుమారు 16 కిలోలు తూగుతుంది, దాంట్లో 7,500 కప్పులు వస్తాయి.

చదరాన్ని మూల మీదికి మూల కలిపి త్రికోణంగా మడవాలి. మడత అంచు కింద ఉండాలి, కొన పైన. ఆ మడత అంచే కప్పు అడుగు. పిల్లలకు నేర్పేటప్పుడు పై పొర పక్క అంచును కింది అంచుకు తెచ్చి ఒక గుర్తు మడత వేయిస్తారు. తయారీలో అది వేయకూడదు. ఆ గీత కప్పు ముందు గోడ మీదుగా పోతుంది, తడిస్తే మొదట మెత్తబడేది అక్కడే. దాని బదులు పై కొన నుంచి రెండు పక్కల అంచుల మీద 7.6 సెం.మీ. దగ్గర గుర్తు పెట్టాలి, లేదా ఆ కొలతకు కోసిన అట్ట ముక్కను ఆనించాలి. ఎడమ మూల కుడి గుర్తుకు, కుడి మూల ఎడమ గుర్తుకు వచ్చేలా మడవాలి. పైన మిగిలిన రెండు కొనల్లో ముందున్నదాన్ని బయటికి వంచి, పక్క మడతల సందులోకి దూర్చితే అదే తాళం. వెనక కొనను వెనక్కి వంచాలి. ఇప్పుడు నోటి దగ్గర వెడల్పు 10.7 సెం.మీ., అడుగున 4.4, లోతు 7.6. పూర్తి గుండ్రంగా తెరుచుకుందనుకుని లెక్కేస్తే 145 మి.లీ. దాకా పట్టాలి. అడుగు గీతలా మూసుకునే ఉంటుంది కాబట్టి అంత పట్టదు, 90 మి.లీ.కి లెక్క వేసుకోవడం మంచిది. అంతకు మించి దాహం ఉన్నవాళ్లు అదే కప్పును రెండోసారి నింపుకోవచ్చు, అందుకు కాగితం ఓ మూడు నిమిషాలు నిలబడితే చాలు.

గమ్ము లేకుండా ఇది ఎందుకు కారదో చూడాలి. నీళ్లు తగిలేది కాగితం నడిమి భాగానికే. కోసిన అంచు ఒక్కటి కూడా నీళ్లలో ఉండదు. పక్క మడత లోపలికి కొంచెం నీరు దూరినా, ఆ మడత నోరు కప్పు అంచు ఎత్తులోనే పైకి ఉంటుంది కాబట్టి అక్కడే ఆగిపోతుంది. ముందు వైపు పెదవికి తగిలేది కూడా మడిచిన అంచే. కోసిన అంచు పెదవికి తగిలితే తేమ పీల్చి దారాలు లేస్తుంది.

ఇదంతా మూల గుర్తు మీద కచ్చితంగా కూర్చున్నప్పుడే. మూల గుర్తుకు మూడు మిల్లీమీటర్లు కిందికి దిగిందనుకోండి, పక్క మడత నోరు వాలుగా పడుతుంది, నీళ్లు ఆ వాలు కొసన బొట్లు బొట్లుగా జారుతాయి. కారే కప్పుల్లో చాలావాటికి కారణం ఇదే, జనం మాత్రం కాగితాన్ని తిడతారు. రెండో కారణం కోత. కటింగ్ మిషన్‌లో కట్ట జరిగి చదరం రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా త్రికోణం అంచులు కలవవు. అందుకే కట్ట మధ్యలోంచి ఒక కాగితం లాగి, మూలకు మూల కలిపి చూసి, ఆ తరవాతే మడతకు పంపాలి.

ఏ కాగితం

న్యూస్‌పేపరు, వాడేసిన ఆఫీసు కాగితం వద్దే వద్దు. తినే వస్తువులకు న్యూస్‌పేపరు వాడకూడదని 2018 ప్యాకేజింగ్ నిబంధనల్లోనే ఉంది. పైగా న్యూస్‌ప్రింట్‌కు సైజింగ్ అనే మందు ఉండదు, నీళ్లు పోస్తే ఇట్టే పీల్చేస్తుంది. సైజింగ్ నీళ్లను లోపలికి రానివ్వకుండా ఆపుతుంది, తడిసిన తరవాత చిరగకుండా కాపాడేది వేరే మందు, వెట్ స్ట్రెంత్ రెజిన్. కాగితంలో పోగుల్ని పట్టి ఉంచే బంధాలు నీళ్లు తగిలితే విడిపోతాయి. పొడిగా ఉన్నప్పటి బలంలో తడిశాక కనీసం 15 శాతం మిగిలిన కాగితాన్నే వెట్ స్ట్రెంత్ కాగితం అంటారు. కప్పుకు రెండూ కావాలి. బటర్ పేపర్ నూనెను ఆపుతుంది కానీ నీళ్లను అంతసేపు ఆపలేదు, నూనె ఆగింది కదా అని దాన్నే కొనుక్కొచ్చేవాళ్లు మోసపోతారు.

మందం ఎక్కువైతే గట్టిగా ఉంటుందనుకోవడం ఇంకో పొరపాటు. ఈ మడతలో కొన్ని చోట్ల ఎనిమిది పొరలు పడతాయి. పక్క మడతల్లో రెండు పొరలుంటాయి, కాగితం ఎటు తిప్పి కోసినా వాటిలో ఒకటి గ్రెయిన్‌కు, అంటే కాగితంలో పోగులు సాగిన దిశకు, దాదాపు అడ్డంగా వస్తుంది. 100 జీఎస్‌ఎం కాగితం ఆ అడ్డు మడతలో పగులుతుంది, 50–70 జీఎస్‌ఎం వంగుతుంది. మైనం పూసిన కాగితాన్ని మడిస్తే మైనం పొలుసులుగా రాలి నీళ్లలో తేలుతుంది, అది కూడా వద్దు.

ఇందులో పోసేది మంచినీళ్లు మాత్రమే. మజ్జిగ పోస్తే పులుపు, ఉప్పు కలిసి కాగితం త్వరగా మెత్తబడుతుంది, పైగా అడుగు గీతలో పిండిలా పేరుకుంటుంది. మజ్జిగ చలివేంద్రానికి స్టీలు గ్లాసే మేలు. టీ, వేడి పాలు అసలే వద్దు. పట్టుకునే చెయ్యికీ వేడికీ మధ్య ఉండేది ఒక పలుచటి గోడే, పిల్లల చేతిలో ముడుచుకుంటే ఒంటి మీద పడుతుంది.

నిలవ సంగతి కూడా ముఖ్యం. మే నెలలో ఏ ఇబ్బందీ ఉండదు. బ్రహ్మోత్సవాల వేళకు, ఆ తరవాత ఈశాన్య రుతుపవనాల వానలకు గాలిలో తేమ పెరిగితే కట్టలు ఉబ్బుతాయి, మడతలు పదును పోయి సగం తెరుచుకుంటాయి, పైపైన ఉన్నవి జతలుగా ఊడొస్తాయి. వందేసి కట్టలు కట్టి, మీద బరువు పెట్టి, మూత ఉన్న డబ్బాలో నేలకు ఎత్తుగా ఉంచితే చాలా వరకు సర్దుకుంటుంది. మరీ చల్లటి నీళ్లు పోస్తే బయట చెమట పట్టి కాగితం రెండు వైపులా తడుస్తుంది, ఆ రోజుల్లో కూలర్‌ను కాస్త తక్కువ చల్లదనంలో పెట్టడం మంచిది.

క్యూలైనులో ఇచ్చేటప్పుడు కప్పు తెరవడానికి లోపల ఊదే అలవాటు ఒకటుంది. దాన్ని మొదటి రోజే మాన్పించాలి, లేకపోతే ఉమ్మడి గ్లాసు మాన్పించిన ప్రయోజనం పోతుంది. రెండు పక్కల అంచుల్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కితే నోరు తెరుచుకుంటుంది, మిగతా పని నీళ్ల బరువే చేస్తుంది. చంకలో బిడ్డతో మెట్లెక్కే తల్లికి, కర్ర పట్టుకున్న పెద్దాయనకు రెండు చేతులు ఖాళీ ఉండవు. వాళ్లకు సేవకులే తెరిచి, నింపి అందించాలి. శేషాచలం అడవి మధ్య నుంచి పోయే మెట్ల దారిలో పూత లేని కాగితమైనా చెట్ల కిందికి విసరకూడదు. వాడిన కప్పులు చదునుగానే ఉంటాయి కాబట్టి తక్కువ చోట పడతాయి. చెత్తబుట్ట కుళాయి పక్కన పెట్టే కన్నా పాతిక అడుగుల అవతల పెట్టాలి, ఎందుకంటే జనం నడుస్తూ తాగుతారు.

వెనక కొనను మడవకుండా నిలువుగా వదిలేయడం ఇంకో పద్ధతి. అది అంచు పైన 5.4 సెం.మీ. లేచి ఉంటుంది. దాని చివర పంచింగ్ మిషన్‌తో రంధ్రం వేసి వంద కప్పుల్ని ఒకే తీగకు గుచ్చి, కుళాయి పక్కన మేకుకు వేలాడదీయాలి. రంధ్రం కింద చిల్లుల వరస కొట్టిస్తే, కప్పు పట్టుకుని కిందికి లాగినప్పుడు ఒక్కటే ఊడొస్తుంది, పక్కవాటికి చెయ్యి తగలదు. చిల్లుల వరస అంచుకు కనీసం 2 సెం.మీ. పైన ఉండాలి. మరీ కిందికి వస్తే లాగే ఊపుకు చిరుగు కప్పు గోడలోకి దిగుతుంది.