చైను చిక్కుపడితే: పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

సైకిలు చైను ఊడి మెలికలు పడితే ఇంట్లోనే ఎలా సరిచేసుకోవాలని మీరు అడిగారు. అన్నిటికంటే ముందు చెప్పవలసినది ఏమిటంటే, దాన్ని లాగకూడదు. చైను ఎక్కడా తెగకుండా, దాని లాకు ఊడకుండా ఉన్నంతవరకు అందులో నిజమైన ముడి పడడం సాధ్యం కాదు. కొక్కెం విప్పని మెడగొలుసు పెట్టెలో ఎన్ని మెలికలు తిరిగినా ఓపికగా విడదీస్తే మళ్లీ గుండ్రంగా వచ్చినట్టే, ఇదీ వస్తుంది. కనుక మీరు వెతకవలసినది ముడిని కాదు, వదులును.

చైనును దగ్గరగా చూడండి. రెండు పక్కలా రేకులు, వాటిని కలిపే పిన్నులు, ఒక్కో పిన్ను చుట్టూ తిరిగే చిన్న రోలరు కనిపిస్తాయి. ఇటువంటి రోలరు చైనుకు 1880లో మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ పేటెంటు పొందాడు. ఈ అమరిక వల్ల చైను పళ్లచక్రం చుట్టూ సులువుగా మడుచుకుంటుంది కాని, పక్కకు చాలా కొద్దిగా మాత్రమే వంగుతుంది. మెలిక పడినప్పుడు బలంగా గుంజితే లింకు పక్కకు వంగిపోతుంది, ఆ తరవాత ఎంత నూనె పోసినా అది పళ్ల మీద సరిగా కూర్చోదు.

పనికి దిగేముందు పాత గోనెసంచి పరిచి, సైకిలును సీటు మీద, హ్యాండిల్ మీద తలకిందులుగా నిలబెట్టండి. పెడల్ తిప్పేవారూ చైను పట్టుకునేవారూ ఒక్కరే అయి ఉండాలి, ఎందుకంటే ఒకరి వేలు పళ్ల దగ్గర ఉండగా ఇంకొకరు సరదాకు పెడల్ తిప్పితే వేలి కొస నలిగిపోతుంది. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను మీకు చనువు ఇవ్వను.

చైను సాధారణంగా చైన్ వీల్‌కూ (పెడళ్ల దగ్గరి పెద్ద పళ్లచక్రం) ఫ్రేముకూ మధ్య ఇరుక్కుంటుంది. ముందుకు తొక్కడం వల్లనే అది లోపలికి దిగింది కనుక, పెడల్‌ను చేతితో నెమ్మదిగా వెనక్కి తిప్పితే చాలాసార్లు దానంతట అదే బయటికి వస్తుంది. రాకపోతే మొద్దుగా ఉన్న పుల్లతో మెల్లగా పైకెత్తండి. అప్పటికీ కదలకపోతే పానాతో వెనక చక్రం నట్లు రెండింటినీ కొద్దిగా వదులు చేసి, చక్రాన్ని ముందుకు జరపాలి. అప్పుడు చైనుకు కావలసినంత వదులు దొరుకుతుంది. గేర్ల సైకిలుకైతే నట్ల జోలికి పోనక్కరలేదు. ఫ్రీవీల్ (వెనక చక్రం నడుమ ఉండే పళ్లచక్రం) దగ్గర రెండు చిన్న పళ్లచక్రాలతో ఉండే చేతిని ముందుకు నెడితే చాలు. చైను ఆ రెంటిలో ఫ్రీవీల్‌కు దగ్గరగా ఉన్న చక్రానికి ముందు నుంచి వెళ్లి, దూరంగా ఉన్న చక్రానికి వెనక నుంచి తిరిగి రావాలి.

వదులు దొరికాక, రేకులు పక్కకు తిరిగి ఉన్న చోటు ఎక్కడుందో వేలితో తడుముతూ కనుక్కోండి. అక్కడ ఉన్న చిన్న వలయాన్ని తిరగేసి చూడండి, ఒకటి విడితే పక్కది సులువవుతుంది. రేకులన్నీ ఒకే వరుసలోకి వచ్చాక చైనును ముందు ఫ్రీవీల్ పళ్ల మీద కూర్చోబెట్టాలి. తరవాత, తొక్కేటప్పుడు పైన ఉండి ఇప్పుడు కిందికి వచ్చిన పాయను చైన్ వీల్ మీద రెండు మూడు పళ్లకు తగిలించి, చేయి తీసేసి, వెనక చక్రం తిరిగే దిశలో పెడల్ తిప్పితే మిగిలినది తనే ఎక్కుతుంది.

అయితే చైను ఊరికే ఊడదు. చాలావరకు వదులైన చైనే ఊడుతుంది. గేర్లు లేని సైకిలులో రెండు పళ్లచక్రాల నడుమ చైనును వేలితో పైకీ కిందికీ కదిపితే సుమారు అర అంగుళం ఆడాలి. అంతకంటే ఎక్కువ ఆడితే చక్రాన్ని వెనక్కి లాగి, అది ఫ్రేము మధ్యలో నిటారుగా ఉందో లేదో చూసి నట్లు బిగించాలి. ఆ బిగింపును ఇంట్లో పెద్దవారి చేత ఒకసారి సరిచూపించుకోండి. మీ స్కూలు స్కేలుతో ఇంకొకటి కూడా తెలుసుకోవచ్చు. పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం అర అంగుళం కాబట్టి 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు రావాలి. పదహారో వంతు అంగుళం పెరిగితే చైను అరిగిందని అర్థం, దుకాణానికి వెళ్లి మార్పించుకోండి.

ఇక నూనె. కుట్టుమిషను నూనె ఒక్కో రోలరుకు ఒక్క చుక్క వేసి, కాసేపటికి పైపైన ఉన్నదంతా గుడ్డతో తుడిచేయండి, లేకపోతే దుమ్ము అంటుకుని చైను త్వరగా అరుగుతుంది. కొబ్బరినూనె చైనుకు వద్దు, మసి అంటిన మీ చేతులకు రాసుకుని తుడుచుకోండి. చక్రాన్ని జరిపి ఉంటే బ్రేకు రబ్బర్లు రిమ్ముకు సరిగా పడుతున్నాయో లేదో చూసుకున్నాకే సైకిలు ఎక్కండి.

ఇట్లు,
మీ తాతయ్య