కాకినాడ వ్యాపారులతో కథలు రాయించిన ప్రొఫెసర్

1964లో కాకినాడ నుంచి కొందరు వ్యాపారులు బృందాలుగా హైదరాబాద్ వచ్చారు. క్లాసురూములో కూర్చోబెట్టి వాళ్లకు ఓ బొమ్మ చూపించి, కొద్ది నిమిషాల్లో దానికో కథ అల్లమన్నారు. శిక్షణ జరిగింది చిన్న పరిశ్రమల వాళ్ల కోసం పెట్టిన సియెట్ అనే శిక్షణ సంస్థలో. ఇప్పుడు యూసుఫ్‌గూడలో ఎన్ఐ-ఎంఎస్ఎంఈ పేరుతో ఉన్న సంస్థ అదే. ఈ పథకం వెనక ఉన్నది హార్వర్డ్‌లో మనస్తత్వశాస్త్ర ప్రొఫెసర్ డేవిడ్ మెక్లెలాండ్. మన కామర్స్ పుస్తకాలు ‘కాకినాడ ప్రయోగం’ అని నాలుగు లైన్లలో తేల్చేసే సంగతి ఇదే. ఆ నాలుగు లైన్లలో దొరకనిదే ఇందులో అసలు విషయం.

మెక్లెలాండ్ 1917లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. యేల్‌లో డాక్టరేట్ చేసి, 1956లో హార్వర్డ్‌లో చేరాడు. కొన్ని సమాజాలు వ్యాపారంలో దూసుకుపోతుంటే కొన్ని ఎందుకు వెనకబడతాయన్నది ఆయన్ని పట్టుకున్న ప్రశ్న. దానికి జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ మతంలో జవాబు వెతికాడు. మెక్లెలాండ్ మనిషి తపనలో వెతికాడు. చేస్తున్న పనిని ఇంతకన్నా బాగా చేయాలన్న ఆరాటాన్ని ఆయన సాధనా ప్రేరణ అన్నాడు.

దాన్ని కొలవడం ఎలా? ‘మీకు పైకి రావాలని ఉందా?’ అని అడిగితే కాదనేవాడెవడు? అందుకే కథల దారి పట్టాడు. ఓ బొమ్మలో ఇంజనీరు బల్ల దగ్గర కూర్చుని ఉంటాడు, బల్ల మీద కుటుంబం ఫొటో ఉంటుంది. ఒకరు అతను పిల్లలతో గడిపిన సెలవు రోజును తలచుకుంటున్నాడని రాస్తారు. ఇంకొకరు గాలికి నిలబడే వంతెనను ఎలా కట్టాలా అని ఆలోచిస్తున్నాడంటారు. ఈ రెండో తరహా కథకే మార్కులు. ఎవరి మనసు ఎటు పరుగెడుతుందో కథలో దానంతటదే బయటపడుతుందని ఆయన నమ్మకం. ఇలా కథలతో కొలవడం ఎంత నిలకడైన పద్ధతి అన్న వాదన మనస్తత్వవేత్తల్లో ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

1961లో వచ్చిన పుస్తకంలో ఆయన ఇదే పద్ధతిని దేశాలకూ వర్తింపజేశాడు. చిన్నపిల్లల వాచకాల్లో కథలు తీసుకుని, వాటిలో ఈ తపన ఎంత ఉందో లెక్కగట్టి, ఆ దేశాల ఆర్థిక వృద్ధితో పోల్చాడు. ఆలోచన ముచ్చటగా ఉంటుంది. కానీ తర్వాతి కాలానికి ఇదే లెక్క వేసిన పరిశోధకులకు ఆ సంబంధం కనబడలేదు. నా దృష్టిలో ఆయన పనిలో బలహీనమైన భాగం ఇదే.

కాకినాడ ప్రయోగం అంతకన్నా గట్టిది. తపన పుట్టుకతో వచ్చేదా, పెద్దయ్యాక కూడా నేర్పవచ్చా అన్నది ఇక్కడ నేరుగా పరీక్షకు వచ్చింది. రెండు వారాలు దాటని ఆ శిక్షణలో వ్యాపారులు తమ కథలకు తామే మార్కులు వేసుకోవడం నేర్చుకున్నారు. జాతరలో రింగులు విసిరే ఆటలాంటిదే ఒకటి ఆడించారు, కాకపోతే ఇందులో ఎంత దూరంలో నిలబడాలో ఆడేవాళ్ల ఇష్టం. తపన బలంగా ఉన్నవాళ్లు మరీ దగ్గరగా నిలబడరు, మరీ దూరంగానూ నిలబడరు. కష్టపడితే పడుతుందనిపించే దూరం ఎంచుకుంటారు. వ్యాపారంలో రిస్కు తీసుకునే తీరూ అంతే. చివర్లో ప్రతి ఒక్కరూ రాబోయే రెండేళ్లకు తన ప్లాన్ రాసుకున్నారు.

వెల్లూరులోని వ్యాపారులకూ శిక్షణ ఇచ్చారు. పోల్చి చూడడానికి శిక్షణ లేని రాజమండ్రి వ్యాపారులను తీసుకున్నారు. ఆ తర్వాత రెండేళ్లలో శిక్షణ పొందినవాళ్ల చురుకుదనం దాదాపు రెట్టింపైంది. కొత్త యూనిట్లు పెట్టారు, పెట్టుబడి పెంచారు, ఎక్కువమందికి పని ఇచ్చారు. శిక్షణ లేనివాళ్లలో ఆ స్థాయి మార్పు రాలేదు. మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి 1969లో ఈ ఫలితాలను పుస్తకంగా తెచ్చారు.

ఇందులో రెండు సంగతులున్నాయి. మొదటిది బాగా ప్రచారమైంది: పూజలూ ఆచారాలూ పాటించేవాళ్లు వ్యాపారంలో వెనకబడలేదు. కర్మ సిద్ధాంతం వల్లే భారతీయులు ఎదగడం లేదని అప్పట్లో చాలామంది పండితులు తేలిగ్గా అనేసేవారు, ఆ మాటకు ఇది మంచి చెంపపెట్టు. రెండోదాన్ని మనవాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. శిక్షణ ఫలించింది ముఖ్యంగా సొంతంగా నిర్ణయం తీసుకోగల స్థానంలో ఉన్నవాళ్లకే. దుకాణం పగ్గాలు తండ్రి చేతిలోనో అన్న చేతిలోనో ఉంటే, తపన ఎంత రగిలినా చేయగలిగింది తక్కువ. ‘నీలో కసి ఉంటే చాలు’ అని ఊదరగొట్టే మోటివేషన్ స్పీకర్లు ఈ ఫలితాన్ని ఒకసారి చదవాలి. తపనతో పాటు పెట్టుబడీ కావాలి కదా, బ్యాంకుల జాతీయీకరణ కూడా 1969 దాకా జరగలేదు. చిన్న వ్యాపారికి అప్పు పుట్టడం ఎంత కష్టమో ఆ తరంవాళ్లను అడిగితే చెబుతారు.

ఆయన పని పేరు లేకుండా మన మధ్య తిరుగుతున్న చోటు మరొకటుంది: ఉద్యోగాల ఇంటర్వ్యూ. 1973లో రాసిన ఓ వ్యాసంలో ఆయన, తెలివితేటల పరీక్షలూ మార్కులూ ఉద్యోగంలో ఎవరు రాణిస్తారో చెప్పలేవని వాదించాడు. విదేశాల్లో పనిచేసే అమెరికన్ సమాచార అధికారులను పరిశీలించినప్పుడు పరీక్షల్లో మార్కులకూ పనితీరుకూ పొంతన కుదరలేదు. అందుకని బాగా పనిచేసేవాళ్లను కూర్చోబెట్టి, ఉద్యోగంలో నిజంగా ఎదురైన సంఘటనలను పూసగుచ్చినట్టు చెప్పించారు. అప్పుడేం చేశారు, ఏమనుకున్నారు, తర్వాతేమైంది? ఆ కథనాల్లోంచి పనికొచ్చే సామర్థ్యాలను ఏరారు. ఇవాళ హైటెక్ సిటీలో హెచ్‌ఆర్ రౌండుకు వెళ్లినవాళ్లను ‘టీమ్‌లో గొడవ వచ్చినప్పుడు మీరేం చేశారో ఒక ఉదాహరణ చెప్పండి’ అని అడుగుతున్నారంటే దాని మూలం ఈ పనిలోనే ఉంది. నేరుగా అడిగితే జనం మంచి జవాబులే చెబుతారనే కదా ఆయన చుట్టుదారి పట్టింది. ఇప్పుడు ఆ చుట్టుదారి ప్రశ్నలకూ జవాబులు రెడీమేడ్‌గా దొరుకుతున్నాయి, కుర్రాళ్లు ముందురోజు రాత్రి బట్టీపట్టి మరీ వెళుతున్నారు.