సీపీఏ లైసెన్సు: 150 క్రెడిట్ల ముడి ఎక్కడ పడింది

అమెరికాలో సీపీఏ (సర్టిఫైడ్ పబ్లిక్ అకౌంటెంట్) పరీక్షలోని నాలుగు భాగాల్లోనూ 75 స్కోరు తెచ్చుకున్నంత మాత్రాన ఎవరూ సీపీఏ కారు. లైసెన్సు ఇచ్చే అధికారం రాష్ట్ర అకౌంటెన్సీ బోర్డుది. ఆ బోర్డు అభ్యర్థి చదువునూ, పని అనుభవాన్నీ విడిగా పరిశీలిస్తుంది; చాలా రాష్ట్రాల్లో వృత్తి నైతికతపై మరో పరీక్ష కూడా ఉంటుంది. వీటిలో చదువుకు సంబంధించిన షరతు, అంటే నాలుగేళ్ల డిగ్రీతో వచ్చే 120 క్రెడిట్లు (కాలేజీ చదువును కొలిచే యూనిట్లు) చాలవు, 150 ఉండాలన్న నిబంధన, ఒహాయో గవర్నరు 2025 జనవరిలో ఒక చట్టంపై సంతకం చేయడంతో మళ్లీ వివాదంలోకి వచ్చింది. డిగ్రీ చదివి రెండేళ్లు పని చేసినవారు అదనపు క్రెడిట్లు లేకపోయినా లైసెన్సుకు అర్హులేనని ఆ చట్టం చెప్పింది.

1896లో న్యూయార్కు మొదటి సీపీఏ చట్టం చేసినప్పటి నుంచి కథ చెప్పుకురావడం ఇక్కడ అనవసరం. నేటి తగాదాకు సంబంధించిన చరిత్ర 1983లో మొదలవుతుంది. 150 క్రెడిట్ల నిబంధనను మొదట అమలులోకి తెచ్చిన రాష్ట్రం ఫ్లోరిడా. 1988లో సీపీఏల జాతీయ సంఘం ఏఐసీపీఏ, 2000 తర్వాత చేరే సభ్యులకు ఇదే అర్హత ఉండాలని సభ్యుల ఓటుతో నిర్ణయించింది. వ్యాపారాలూ పన్ను చట్టాలూ సంక్లిష్టమయ్యాయనీ, నాలుగేళ్ల చదువులో వాటన్నిటికీ చోటు చాలదనీ సమర్థకులు వాదించారు.

అయితే సంఘం తన సభ్యత్వానికి పెట్టుకున్న షరతు దేశమంతటా లైసెన్సు షరతుగా బిగుసుకుపోవడానికి ఆ ఓటు ఒక్కటే కారణం కాదు. అసలు మలుపు 1990ల చివర వచ్చింది. ఒక రాష్ట్రం లైసెన్సుతో మరో రాష్ట్రంలోని క్లయింట్లకు పని చేసే వెసులుబాటు కోసం ఏఐసీపీఏ, రాష్ట్ర బోర్డుల జాతీయ సమాఖ్య నాస్బా రాష్ట్రాలు అనుసరించడానికి తాము రాసిన నమూనా చట్టంలో ‘గణనీయ సమానత్వం’ అనే కొలమానాన్ని చేర్చాయి. ఒక రాష్ట్రం నిబంధనలు నమూనాకు దీటుగా ఉంటే అక్కడి సీపీఏలు మళ్లీ లైసెన్సు తీసుకోకుండా సరిహద్దు దాటి పని చేసే వీలుండేది. ఆ నమూనాలో డిగ్రీ, పరీక్ష, ఏడాది అనుభవంతో పాటు 150 క్రెడిట్లూ ఉండేవి. అంటే, ఏ రాష్ట్రమైనా ఆ నిబంధనను సడలిస్తే తన సీపీఏలకు పొరుగు రాష్ట్రాల తలుపులు మూసుకుపోయే ప్రమాదాన్ని తలకెత్తుకోవాల్సి వచ్చేది. చదువుకూ స్వేచ్ఛగా పని చేసే హక్కుకూ మధ్య ముడి పడింది ఇక్కడే.

కాలిఫోర్నియా అనుభవం చూస్తే ఆ ముడి బిగువు తెలుస్తుంది. అక్కడ చాలాకాలం రెండు మార్గాలు ఉండేవి: డిగ్రీతో రెండేళ్ల అనుభవం, లేదా 150 క్రెడిట్లతో ఏడాది అనుభవం. మొదటి మార్గంలో వచ్చినవారి పనితనం తక్కువని రుజువై దాన్ని రద్దు చేయలేదు. మిగతా రాష్ట్రాలతో సమానత్వం కావాలంటే అది ఉండకూడదు కనుక 2014 జనవరి 1 నుంచి ఆ మార్గాన్ని మూసేశారు. నేడు ఒహాయో తెరిచిన దారి, నాడు కాలిఫోర్నియా మూసుకున్న దారి ఇంచుమించు ఒకటే.

ఇంత బలంగా కాపాడిన ఆ అదనపు 30 క్రెడిట్లతో ఏం చదవాలన్నది అనేక రాష్ట్రాలు చెప్పనేలేదు. అవసరమైన అకౌంటింగు కోర్సులు డిగ్రీలోనే పూర్తయితే మిగిలినవి ఏ సబ్జెక్టులోనైనా తెచ్చుకోవచ్చు. వృత్తికి లోతు కావాలని పెట్టిన షరతు ఆచరణలో మరో ఏడాది ఫీజుగా, ఒక ఏడాది జీతం నష్టంగా మిగిలింది. నిబంధన వల్ల పరీక్షకు వచ్చేవారు తగ్గారనీ, నాణ్యత పెరిగిన దాఖలాలు మాత్రం కనిపించలేదనీ విద్యా పరిశోధకులు నమోదు చేశారు. ఆ భారం డబ్బున్నవారి మీదా లేనివారి మీదా ఒకే తీరుగా పడదు. మన దేశంలో మూడేళ్ల బీకాం చేసినవారికి, విదేశీ డిగ్రీలను అమెరికా లెక్కలోకి మార్చే మూల్యాంకన సంస్థలు సాధారణంగా 90 క్రెడిట్లే లెక్కిస్తాయి కనుక వారికి ఈ దూరం మరీ ఎక్కువ.

మార్పు కోరినవారికి చాలాకాలం దొరికిన జవాబు ఒక్కటే. 2023లో మిన్నెసోటాలో ప్రత్యామ్నాయ మార్గం కోసం బిల్లు వచ్చినప్పుడు, రాష్ట్రాల మధ్య రాకపోకలు దెబ్బతింటాయని జాతీయ సంస్థలు హెచ్చరించాయి. ఆ హెచ్చరికలో నిజం లేకపోలేదు. కానీ ఆ ప్రమాదం ఆ సంస్థలే రాసిన నమూనా చట్టం నుంచి పుట్టిందన్న సంగతి చర్చలో వెనకబడిపోయింది. ఒహాయో వెంట వర్జీనియా, యూటా వంటి రాష్ట్రాలు నడిచాక, 2025 మే నెలలో అవే సంస్థలు నమూనాను సవరించాయి. డిగ్రీ, రెండేళ్ల అనుభవం, పరీక్ష ఉన్న మార్గాన్ని అందులో చేర్చాయి. రాష్ట్రాన్ని రాష్ట్రంతో పోల్చే పద్ధతిని వదిలి, లైసెన్సు ఉన్న వ్యక్తి అర్హతను బట్టి సరిహద్దు దాటనిచ్చే పద్ధతిని తెచ్చాయి.

ముడి సడలింది గానీ పూర్తిగా విడిపోలేదు. నమూనా చట్టం మారినంత మాత్రాన రాష్ట్ర చట్టం మారదు. ఒక్కో శాసనసభా దాన్ని విడిగా ఆమోదించాలి, అమలు తేదీని విడిగా నిర్ణయించాలి. ఒహాయోలో ఆ తేదీ 2026 జనవరి 1. రెండో ఏడాది అనుభవాన్ని కూడా లైసెన్సున్న సీపీఏ ధ్రువీకరించాల్సి ఉంటుంది కనుక, అలాంటి పర్యవేక్షకుడు లేని చోట పని చేస్తున్నవారికి కొత్త దారి పేరుకే తెరిచినట్టవుతుంది. పరీక్ష స్కోర్లను ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి బదిలీ చేయించుకునే వీలుంది. అందుచేత ఇప్పటికే ఉత్తీర్ణులై 150 క్రెడిట్ల దగ్గర ఆగిపోయినవారు ముందుగా చూసుకోవలసింది, పరీక్ష ఏ రాష్ట్రం తరఫున రాశామన్నది కాదు, లైసెన్సుకు దరఖాస్తు చేయబోయే రాష్ట్రంలో ఆ రోజుకు అమలులో ఉన్న చట్టం ఏమి అడుగుతోందన్నది.