తీగ వేడెక్కినా ముల్లు కదులుతుంది: ప్రొపెల్లెంట్ లేని ఇంజన్ల మీద అపోహలు, వాస్తవాలు

సంక్రాంతి సెలవుల్లో మా తమ్ముడి కొడుకు ఫోన్లో ఒక వీడియో చూపించాడు. "ఏటి పెదనాన్నా, ఇంధనం అక్కర్లేని ఇంజను నాసా వాళ్ళు కనిపెట్టీసి దాచీసారంట, నిజమేనా?" వాడు ఇక్కడే శ్రీకాకుళంలో ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు. వాడికి జవాబు చెప్పేసరికి రెండు సాయంత్రాలు, ఏడురోడ్ల జంక్షన్ దగ్గర నాలుగైదు టీలు అయ్యాయి. అదే ఇక్కడ రాస్తున్నాను.

రిటైరయ్యే వరకు నా పని వాక్యూమ్ చాంబర్ (గాలి తీసేసిన గది) పక్కనే. ఉపగ్రహాల్లో వాడే చిన్న ఇంజన్లు, అంటే థ్రస్టర్లు, ఎంత బలంతో తోస్తున్నాయో కొలవడం. పెద్ద రాకెట్ల జోలికి నేనెప్పుడూ పోలేదు. దోమ వాలితే ఎంత బరువు పెరుగుతుంది అన్నంత చిన్న బలాలతోనే నా ఉద్యోగమంతా గడిచింది. ఈ గొడవ మొత్తం అలాంటి చిన్న బలాల గురించే కాబట్టి నాలుగు మాటలు చెప్పే అర్హత ఉందనుకుంటున్నాను.

అపోహ: ఇంధనం లేని ఇంజను అంటే కరెంటు కూడా అక్కర్లేదు.

వాస్తవం: శక్తి వేరు, వెనక్కి విసిరే సరుకు వేరు. నాగావళిలో పడవవాడు గడతో నది అడుగును తోస్తాడు. కళింగపట్నం తెప్పవాడు తెడ్డుతో నీళ్ళను తోస్తాడు. అంతరిక్షంలో తోయడానికి నేలా లేదు, నీళ్ళూ లేవు. తోయాల్సిన సరుకును కూడా మనమే మోసుకెళ్ళాలి. అదే ప్రొపెల్లెంట్. 2017 మే 5న ఇస్రో పంపిన జీశాట్-9లో కరెంటుతో నడిచే థ్రస్టర్లున్నాయి. వాటికి కరెంటు సూర్యుడి నుంచి వస్తుంది, కానీ అవి వెనక్కి విసిరేది జినాన్ వాయువు. ఆ జినాన్ అయిపోతే ఎంత ఎండ ఉన్నా ఆ థ్రస్టర్లు పనిచేయవు. జనం కలలు కనేది ఆ జినాన్ కూడా లేని ఇంజను గురించి.

అపోహ: ప్రొపెల్లెంట్ లేకుండా కదలడం అసలు కుదరదు.

వాస్తవం: ఇది రెండో వైపు వాళ్ళ అపోహ. కుదురుతుంది. అరసవల్లిలో మార్చిలో, అక్టోబరులో సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకుతాయని తెల్లవారకముందే జనం చేరతారు కదా. ఆ కిరణాలకు తోపు కూడా ఉంది. భూమి ఉన్న దూరంలో, గాలి లేనిచోట, ఒక చదరపు మీటరు అద్దం మీద ఎండ పడితే సుమారు 9 మైక్రోన్యూటన్ల బలం వస్తుంది. ఎకరం మేర అద్దం పరిచినా నాలుగు గ్రాముల బరువంత రాదు. కానీ అది ఆగకుండా తోస్తూనే ఉంటుంది. 2010లో జపాన్ పంపిన ఇకారోస్ 14 మీటర్ల చదరపు తెరచాప విప్పుకుని ఎండతోనే వేగం మార్చుకుంది.

మన దగ్గర కూడా ఉంది, చాలామందికి తెలియదు. 1992లో వెళ్ళిన ఇన్సాట్-2ఏకి సోలార్ పలకలు ఒకవైపే ఉండేవి. ఎండ తోపుకి ఉపగ్రహం ఒక పక్కకి తిరిగిపోకుండా, రెండో వైపు పొడుగాటి కర్రలాంటి బూమ్ చివర ఒక సోలార్ సెయిల్ పెట్టారు. కావిడికి రెండు పక్కలా బరువు సరిచూసినట్టే.

వీటన్నిట్లో తోసేది బయటినుంచి వచ్చిన వెలుగు. మూసిన డబ్బాలో ఉన్నదే ఉండి, బయటికి ఏమీ పోకుండా డబ్బా ముందుకెళ్తుంది అంటేనే పేచీ.

అపోహ: ఎమ్‌డ్రైవ్ పనిచేస్తుందని నాసా నిరూపించింది, తర్వాత నోరు మూసుకుంది.

వాస్తవం: బ్రిటన్ ఇంజనీరు రోజర్ షాయర్ ఆలోచన ఇది. ఒక పక్క వెడల్పు, ఒక పక్క సన్నగా ఉండే రాగి డబ్బా. మన గరాటును రెండు వైపులా మూసేసినట్టు ఊహించుకోండి. అందులోకి మైక్రోవేవ్‌లు పంపితే డబ్బా తనంతట తనే ఒకవైపు నెట్టుకుంటుందని ఆయన వాదన. నాసా జాన్సన్ సెంటర్లో హెరాల్డ్ వైట్ బృందం దాన్ని వాక్యూమ్‌లో పెట్టి కొలిచి, 2016లో పేపరు ప్రచురించింది. కిలోవాట్‌కు 1.2 మిల్లీన్యూటన్లు అన్నారు. కానీ వాళ్ళు ఇచ్చిన పవర్ 80 వాట్లకు మించలేదు. అంటే నిజంగా త్రాసు మీద కనిపించిన బలం ఒక బియ్యపు గింజ బరువు కూడా కాదు. ఇంత చిన్న కదలికకు సవాలక్ష కారణాలుంటాయి.

అనుభవంతోనే చెబుతున్నాను. ఒకసారి మా ల్యాబ్‌లో ఒక థ్రస్టర్ స్విచ్ వేయగానే అనుకున్నదానికన్నా ఎక్కువ బలం చూపించింది. అందరికీ సంబరం. రెండు రోజులు టీ ఖర్చు నాదే. మూడో రోజు ఒక కుర్ర టెక్నీషియన్ థ్రస్టర్ తీసేసి, అంతే కరెంటు తాగి, ఏమీ తోయని మామూలు రెసిస్టర్ పెట్టాడు. రీడింగ్ అలాగే ఉంది! కరెంటు తీగ వేడెక్కి, కొద్దిగా సాగి, త్రాసును నెట్టింది. ఆ కుర్రాడి మొహం చూడలేక నేను లంచ్‌కి వెళ్ళిపోయాను.

జర్మనీలో డ్రెస్డెన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్టిన్ తాజ్మార్ చేసింది కూడా ఇలాంటి పనే, మాకన్నా వందరెట్లు శ్రద్ధగా. మైక్రోవేవ్‌లు డబ్బాలోకి వెళ్ళకుండా దాదాపు ఆపేసినా "థ్రస్ట్" (తోపు) కనిపించింది. అంటే అది డబ్బాది కాదు. తీగల్లో కరెంటుకీ భూమి అయస్కాంత క్షేత్రానికీ మధ్య జరిగేది కావచ్చని 2018లో చెప్పారు. 2021లో ఇంకా మంచి త్రాసుతో కొలిచి తేల్చారు. ఇంజను వేడెక్కుతుంది, దాన్ని త్రాసుకి పట్టి ఉంచే భాగాలు వంగుతాయి, సున్నా ఉండాల్సిన చోటు జరుగుతుంది. థ్రస్ట్ లేదు.

దీనికో లెక్క కూడా ఉంది, నాకు చాలా ఇష్టం. కిలోవాట్‌కు 1.2 మిల్లీన్యూటన్లు ఎప్పటికీ అలాగే వస్తాయనుకుందాం. బయల్దేరిన చోటుతో పోలిస్తే సెకనుకు సుమారు 830 కిలోమీటర్ల వేగం దాటాక, మనం పెట్టే కరెంటు కన్నా అంతరిక్ష నౌకకు చేరే శక్తి ఎక్కువైపోతుంది. అంటే ఊరికే కరెంటు పుట్టించే యంత్రం దొరికినట్టే. కేవలం వెలుగునే వెనక్కి వదిలితే కిలోవాట్‌కు 3.3 మైక్రోన్యూటన్లే వస్తాయి, కానీ అక్కడ ఈ పేచీ రాదు. అంతకు 360 రెట్లు అంటున్నారంటే త్రాసు వైపు చూడాలి.

అపోహ: చైనా దగ్గర పనిచేసే ఇంజను ఉంది, చెప్పట్లేదు.

వాస్తవం: సియాన్‌లోని యూనివర్సిటీలో యాంగ్ జువాన్ బృందం మొదట 720 మిల్లీన్యూటన్లు వచ్చాయని చెప్పింది. తర్వాత బయటి తీగలు తీసేసి బ్యాటరీ పెట్టి మళ్ళీ కొలిచారు. కొలవగలిగినంత థ్రస్ట్ కనిపించలేదని 2016లో వాళ్ళే ప్రచురించారు. తమ పాత రిజల్ట్‌ను తామే కొట్టేసుకున్నారు. దీనికన్నా నిజాయితీ ఏం కావాలి?

అపోహ: అమెరికా నేవీకి పేటెంట్ ఉందంటే ఆ యంత్రం ఉన్నట్టే.

వాస్తవం: నేవీ ఇంజనీరు సాల్వతోర్ పాయిస్ పేరుమీద 2018లో ఒక పేటెంట్ వచ్చింది, వాహనం జడత్వాన్ని (కదలికకు అడ్డుపడే గుణాన్ని) తగ్గించే యంత్రమట. చైనా కూడా ఇదే దారిలో ఉందంటూ నేవీ అధికారి ఒకరు పేటెంట్ ఆఫీసుకి ఉత్తరం కూడా రాశారు. నెట్‌లో పండగ. తర్వాత సమాచార చట్టం కింద బయటికొచ్చిన కాగితాల్లో ఉన్నదేంటంటే, దాని వెనకున్న "పాయిస్ ఎఫెక్ట్" మీద మూడేళ్ళు, 5 లక్షల డాలర్లకు పైగా ఖర్చుపెట్టి పరీక్షించారు, నిరూపణ కాలేదు.

ఒక్కటి ఆలోచించండి. అమెరికాలో 1951 నాటి చట్టం ప్రకారం దేశభద్రత పేరుతో పేటెంట్‌ను తొక్కిపెట్టొచ్చు. అలాంటి ఆర్డర్లు 5 వేలకు పైగా అమల్లో ఉన్నాయి. మన 1970 పేటెంట్ల చట్టంలో కూడా సెక్షన్ 35 ఇదే చెబుతుంది. నిజంగా దాచాలనుకుంటే దాచే దారి ఉంది. పాయిస్ పేటెంట్ మాత్రం ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకునేలా పెట్టారు.

రహస్యాలు మా దగ్గరా ఉండేవి. ఏ వాల్వ్ ఎక్కడ చేయించారు, ఏ ఉపగ్రహంలో ఎంత ప్రొపెల్లెంట్ మిగిలింది, అది ఎటు తిరగగలదు. అన్నీ చప్పటివి. రహస్యం అని ముద్ర వేసిన ఫైళ్ళలో ఫెయిలైన టెస్టులు ఎన్నో చూశాను. ముద్ర వేసేవాడికి లోపలున్నది పనిచేస్తుందో లేదో చాలాసార్లు తెలియదు కూడా.

అపోహ: ఎక్స్-37బీ అనే అమెరికా రహస్య అంతరిక్ష విమానంలో దీన్ని పరీక్షించారు.

వాస్తవం: 2015లో వెళ్ళిన దాంట్లో ఒక హాల్ థ్రస్టర్‌ను పరీక్షిస్తున్నట్టు అమెరికా ఎయిర్‌ఫోర్సే ప్రకటించింది. అది జినాన్‌తో నడిచేదే. పైగా ఆ వాహనం కక్ష్యను సొంత బైనాక్యులర్లతో పట్టుకునే ఔత్సాహికులు దేశదేశాల్లో ఉన్నారు. లోపల ఏముందో దాచొచ్చు, ఆకాశంలో ఎటు వెళ్తోందో దాచడం కష్టం.

అపోహ: కొత్త ఆలోచనలను సైంటిస్టులు చూడనే చూడరు.

వాస్తవం: నాసా 1996 నుంచి 2002 దాకా వీటికోసమే ఒక ప్రాజెక్టు నడిపింది. 2018లో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ దార్పా బ్రిటన్‌లోని మైక్ మెకల్లాక్ జడత్వం మీద చేసిన కొత్త సిద్ధాంతానికి 13 లక్షల డాలర్లిచ్చింది. దాని ఆధారంగా తయారైన ఒక డ్రైవ్ 2023 నవంబరులో బారీ-1 అనే చిన్న ఉపగ్రహంలో కక్ష్యకు కూడా వెళ్ళింది. డ్రైవ్ ఆన్ చేయకముందే, 2024 ఫిబ్రవరిలో ఉపగ్రహంతో సంబంధాలు పోయాయి. దాన్ని కూడా "సక్సెస్ అయింది, దాచారు" అనేవాళ్ళున్నారు. కరెంటు సమస్యతో చిన్న ఉపగ్రహాలు పోవడం మా రంగంలో రోజూ వినే వార్త.

అపోహ: ఇవి పెద్ద ల్యాబుల్లోనే తేలతాయి.

వాస్తవం: అన్నీ కాదు. 1959లో అమెరికాలో నార్మన్ డీన్‌కి ఒక పేటెంట్ వచ్చింది, లోపల బరువులు గిరగిరా తిరిగితే పెట్టె ముందుకు జరుగుతుందని. నిజంగానే నేలమీద జరిగింది. ప్లాస్టిక్ కుర్చీలో కాళ్ళు పైకెత్తి కూర్చుని ఒళ్ళు విదిలిస్తూ గది దాటడం చిన్నప్పుడు అందరం చేసిందే. నేల రాపిడి ఉంది కాబట్టి జరుగుతుంది. తాడుకి వేలాడదీస్తే ఉన్నచోటే ఊగుతుంది.

ఇది విని మావాడు, వాడి స్నేహితులు సన్నని తీగకి కర్ర వేలాడదీసి, అద్దం ముక్క, లేజర్ పెట్టి సొంత త్రాసు చేశారు. ముందు రెసిస్టర్‌తో పరీక్షించమన్నాను. కానీ హైవే మీద లారీ వెళ్ళినప్పుడల్లా లేజర్ చుక్క గోడ మీద జానెడు జరుగుతోంది. దాంతో త్రాసుని ఆమదాలవలసలో ఒకడి మేనత్త ఇంటికి మార్చారు. అక్కడ లారీల గోల లేదు, స్టేషను మాత్రం దగ్గర. ఇప్పుడు రైల్వే టైంటేబుల్ ముందు పెట్టుకుని కొలుస్తున్నారు.