ప్రోబయాటిక్ కొనేముందు డబ్బా వెనక్కి తిప్పండి

విశాఖలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చుట్టుపక్కల ఏ మందుల షాపులోనైనా యాంటీబయాటిక్ చీటీ ఇచ్చి చూడండి. అసలు మాత్రలతోపాటు గ్యాస్‌కి ఒకటి, "కడుపు పాడవకుండా" అంటూ ఇంకొకటి బిల్లులోకి వచ్చి చేరతాయి. ఆ రెండోది చాలాసార్లు ప్రోబయాటిక్. ఒకచోట నీళ్ళలా కనిపించే మందున్న బుల్లి ప్లాస్టిక్ సీసా, ఒకచోట క్యాప్సూల్, మరోచోట పౌడరు సాచెట్. వీటిలో ఏది మంచిదని అడిగితే "అన్నీ ఒకటేనండీ, కంపెనీ తేడా అంతే" అంటారు. పారాసెటమాల్ విషయంలో ఈ మాట చాలావరకు నిజమే. ఎవరు తయారుచేసినా లోపలున్న అణువు ఒకటే కదా. ప్రోబయాటిక్ విషయంలో మాత్రం ఇది శుద్ధ తప్పు.

తగిన మోతాదులో తీసుకుంటే మనిషికి మేలు చేసే, బతికున్న సూక్ష్మజీవులే ప్రోబయాటిక్స్. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కలిసి 2001లో ఇచ్చిన నిర్వచనం ఇది. చిన్న వాక్యమే గానీ అందులో మూడు మెలికలున్నాయి. నోట్లో వేసుకునే నాటికి అవి బతికుండాలి. సరిపడా ఉండాలి. మేలు చేస్తాయని రుజువై ఉండాలి. షాపులో కనిపించే సరుకులో ఎక్కువ భాగం ఈ మూడింట్లో ఎక్కడో ఒకచోట తేలిపోతుందని నా అనుమానం.

ముందు పేరు సంగతి. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో ఆల్ఫ్రెడ్ నిస్ల్ అనే జర్మన్ వైద్యుడు, తోటివాళ్ళంతా విరేచనాలతో మంచం పట్టినా తనకేమీ కాని ఒక సైనికుడి మలం నుంచి ఈ.కోలై బ్యాక్టీరియాను వేరుచేశాడు. అది 1917. ఈ.కోలై నిస్ల్ 1917 అన్న పేరుతోనే ఆ బ్యాక్టీరియా యూరప్‌లో ఇప్పటికీ మందుగా వాడుకలో ఉంది. అదే ఈ.కోలైలో ఓ157:హెచ్7 అనే ఇంకో రకం ఉంది. అది రక్త విరేచనాలు తెప్పిస్తుంది, కిడ్నీలు దెబ్బతీస్తుంది, ఒక్కోసారి ప్రాణమే తీస్తుంది. జాతి ఒకటే, స్ట్రెయిన్ (అంటే ఆ జాతిలోని ఉపరకం) వేరు.

కాబట్టి డబ్బా వెనక కంపోజిషన్ అని ఉన్నచోట మూడు భాగాల పేరు కోసం చూడాలి. లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ అని ఉందనుకోండి. మొదటిది ప్రజాతి, రెండోది జాతి, చివరిది స్ట్రెయిన్. "ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం" అని మాత్రమే రాస్తే కొరియర్ ఇల్లు చేరదు, సెక్టారూ డోర్ నంబరూ కావాలి. ఇదీ అంతే. పరిశోధనలు ఎక్కువగా జరిగింది జీజీ అనే ఆ ఒక్క స్ట్రెయిన్ మీద. "లాక్టోబాసిల్లస్ రామ్నోసస్" అని రాసి ఊరుకున్న డబ్బాకు ఆ ఫలితాలను తనవని చెప్పుకునే హక్కు లేదు. "లాక్టిక్ యాసిడ్ బాసిల్లస్" అని మాత్రమే రాసినవి ఇంకా అన్యాయం, కనీసం జాతి కూడా చెప్పవు. మన దగ్గర దీన్ని యాంటీబయాటిక్ మాత్రలోనే కలిపేసి, బ్రాండు పేరు చివర ఎల్‌బీ అని తగిలించి అమ్మడం కూడా ఉంది. చంపే మందూ, చావాల్సిందీ ఒకే మాత్రలో! ఆ బ్యాక్టీరియా గట్టి పెంకున్న స్పోర్ రూపంలో ఉంటుంది కాబట్టి బతుకుతుందని వాదన. ఏ స్ట్రెయినో చెప్పనప్పుడు ఆ వాదన నిజమో కాదో తేల్చుకునేదెలా?

పేర్లలో ఇంకో తికమక కూడా వచ్చింది. 2020లో శాస్త్రవేత్తలు లాక్టోబాసిల్లస్ ప్రజాతిని విడగొట్టి 23 కొత్త ప్రజాతులు చేశారు. దాంతో రామ్నోసస్ కాస్తా లాక్టికేసిబాసిల్లస్ రామ్నోసస్ అయింది. పాత పేరున్నా కొత్త పేరున్నా కంగారు పడక్కర్లేదు, చివరి కోడ్ కలిస్తే సరి.

డబ్బా చేతిలో ఉండగానే ఇంకొకటి చూడండి. ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరుంటే చట్టం దృష్టిలో అది ఆహారం, మందు కాదు. "నాట్ ఫర్ మెడిసినల్ యూజ్" అన్న ముక్క కూడా అక్కడే ఎక్కడో ఉంటుంది. ముందువైపు కడుపు బొమ్మ వేసి ఎంత ఊరించినా, జబ్బు తగ్గిస్తామని ఆ కంపెనీ మాటివ్వలేదన్నమాట.

ఇక మోతాదు. దీన్ని సీఎఫ్‌యూలలో లెక్కిస్తారు. కాలనీలుగా పెరగగల బతికున్న కణాల సంఖ్య అది. ఆహారంగా అమ్మే ప్రోబయాటిక్‌లో రోజు మోతాదుకు కనీసం 10 కోట్లు ఉండాలని మన దేశంలో నియమం. డబ్బాల మీద బిలియన్లలో రాస్తారు, ఒక బిలియన్ అంటే 100 కోట్లు. 50 బిలియన్లున్నది 5 బిలియన్లున్న దానికంటే పది రెట్లు మంచిదని అనుకోవడం సహజం. కానీ 2006లో వచ్చిన ఒక ట్రయల్ సంగతి వినండి. ఐబీఎస్‌తో (పేగుల్లో పుండు లాంటిదేమీ లేకుండానే కడుపునొప్పి, విరేచనాలో మలబద్ధకమో వేధించే జబ్బు) బాధపడుతున్న 362 మంది మహిళల్లో కొందరికి ఉత్తుత్తి క్యాప్సూల్, మిగతావాళ్ళకి బిఫిడోబాక్టీరియం ఇన్ఫాంటిస్ 35624 అనే స్ట్రెయిన్‌ను మూడు మోతాదుల్లో ఇచ్చారు: 10 లక్షలు, 10 కోట్లు, 1,000 కోట్లు. పనిచేసింది మధ్యలోదే. 1,000 కోట్ల క్యాప్సూల్ ఎందుకు విఫలమైందా అని చూస్తే, లోపలి పొడి తడి తగలగానే జిగురు ముద్దలా గట్టిపడి, కరగనే లేదట! అంటే ఏ అంకెతో ట్రయల్ జరిగిందో ఆ అంకే లెక్క. దానికి మించింది మార్కెటింగ్.

ఆ అంకె ఏ రోజుది అన్నది దానికంటే పెద్ద ప్రశ్న. విశాఖ లాంటి ఊళ్ళో ఉన్నవాళ్ళు అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇదే. చాలా ప్రోబయాటిక్ పౌడర్లలో బ్యాక్టీరియాను గడ్డకట్టించి, ఆ మంచును శూన్యంలో ఆవిరి చేసి, ఎండబెట్టి ఉంచుతారు. నీరు లేకపోతే కణంలో పనులన్నీ ఆగిపోతాయి, అందుకే నెలల తరబడి నిల్వ ఉంటుంది. కాస్త తేమ తగిలిందా, ఆగిన రసాయన చర్యలు మళ్ళీ కదులుతాయి, కణం పాడవడం మొదలవుతుంది. దానికి వేడి తోడైతే ఇక చెప్పేదేముంది. మన సముద్రపు గాలికి వంటింట్లో ఉప్పు డబ్బా మూత తీసిపెడితే సాయంత్రానికి ఉప్పు చెమ్మగిల్లి గరిటెకి అంటుకుంటుంది. ముప్పై క్యాప్సూళ్ళున్న సీసాను రోజూ తెరిచి మూస్తే లోపలికి వెళ్ళేది కూడా ఆ గాలే. సీసాలో వేసే చిన్న సిలికా సంచి కొంత పీలుస్తుంది, కానీ దానికీ ఓ హద్దుంది. నన్నడిగితే మన ఊళ్ళో సీసా కంటే రెండు వైపులా అల్యూమినియం రేకున్న స్ట్రిప్ గానీ, విడి సాచెట్లు గానీ నయం. ఒకటి చించితే మిగతావాటికి గాలి తగలదు.

తయారైన రోజున 500 కోట్లున్నాయని రాయడం తేలిక. "ఎక్స్‌పైరీ నాటికి ఇన్ని" అని రాసిన కంపెనీ దొరికితే దాన్ని నమ్మొచ్చు. ఫ్రిజ్‌లో 2–8 డిగ్రీల మధ్య ఉంచాలని రాసుంటే, షాపులో ఎక్కడి నుంచి తీసిస్తున్నారో గమనించండి. పైనున్న చెక్క అరలోంచి తీసిస్తే తిరిగి ఇచ్చేయడమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్ళాక ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు. అప్పుడు ఫ్రిజ్‌లలో ఉన్న మందులకి ఏమైందో ఏ డబ్బా చూసి చెప్పగలం? బతికున్నవీ చచ్చినవీ కంటికి ఒకేలా ఉంటాయి. మా ఇంట్లో ఏసీ లేదు, ఫ్రిజ్ నిండిపోయింది అనుకునేవాళ్ళకి స్పోర్ రకాలు వీలు. బాసిల్లస్ క్లాసై, బాసిల్లస్ కోయాగులన్స్ ఆ బాపతువే. వేడినీ, కడుపులోని యాసిడ్‌నీ కూడా బాగా తట్టుకుంటాయి.

ఇంతకీ దేనికోసం కొంటున్నారు? యాంటీబయాటిక్ వల్ల వచ్చే విరేచనాలు రాకుండా చూసుకోవడానికైతే సాక్ష్యం బాగానే ఉంది. 2019లో, వైద్య పరిశోధనలను సమీక్షించే కొక్రేన్ సంస్థ పిల్లల మీద జరిగిన 33 ట్రయల్స్ కలిపి చూస్తే, ప్రోబయాటిక్ తీసుకోనివాళ్ళలో 100కి 19 మందికి విరేచనాలు పట్టుకున్నాయి, తీసుకున్నవాళ్ళలో 8 మందికి. రోజుకు 500 కోట్లు, ఆపైన మోతాదులో రామ్నోసస్ గానీ, శాకరోమైసిస్ బూలార్డి గానీ మెరుగ్గా కనిపించాయి. ఈ బూలార్డి బ్యాక్టీరియా కాదు, ఈస్ట్. 1920ల్లో ఇండోచైనాలో కలరా ప్రబలినప్పుడు లిచీ, మాంగోస్టీన్ పండ్ల తొక్కల కషాయం తాగేవాళ్ళని గమనించి బులార్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త దీన్ని వేరుచేశాడు. ఈస్ట్ కాబట్టి యాంటీబయాటిక్ దీన్నేమీ చెయ్యదు. ఫ్లూకోనజోల్ లాంటి ఫంగస్ మందులు వాడుతుంటే మాత్రం ఇది దండగ. బ్యాక్టీరియా రకమైతే యాంటీబయాటిక్‌కీ దానికీ మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఇవ్వాలి.

పిల్లలకి మామూలుగా పట్టుకునే విరేచనాల సంగతి వేరు. 2018లో అమెరికా, కెనడాలలో దాదాపు 1,800 మంది చిన్నపిల్లల మీద రెండు పెద్ద ట్రయల్స్ జరిగాయి. ప్రోబయాటిక్ ఇచ్చినా ఇవ్వకపోయినా తేడా కనిపించలేదు. మనకి ఓఆర్ఎస్, జింక్ ఉన్నాయి. చవకవి, ప్రాణం నిలబెట్టేవి. వాటిని మానేసి బుల్లి సీసా కోసం పరిగెత్తడం నాకు నచ్చదు.

అలాగని ఇదంతా బూటకమని కొట్టిపారేయకండి. మన పొరుగునే ఒడిశా పల్లెల్లో పినాకి పాణిగ్రాహి బృందం 4,556 మంది పసికందులతో చేసిన ట్రయల్ 2017లో నేచర్ పత్రికలో వచ్చింది. కనీసం రెండు కిలోల బరువుతో, 35 వారాలైనా నిండి పుట్టి, తల్లిపాలు తాగుతున్న బిడ్డలకి లాక్టోబాసిల్లస్ ప్లాంటారం తాలూకు ఒక స్ట్రెయిన్‌ను, దానికి మేతగా ఒక రకం పీచు చక్కెరను కలిపి వారం రోజులపాటు పట్టారు. రక్తంలో ఇన్‌ఫెక్షన్ రావడం, చనిపోవడం రెండూ కలిపి 9 శాతం నుంచి 5.4 శాతానికి దిగాయి. అంత చవకైన పొడితో అంత ఫలితం! అయితే ఆ స్ట్రెయిన్‌ను ఎంచుకోవడానికే ఆ బృందం ఏళ్ళ తరబడి వెతికింది. ఆ పేరు చెప్పి వేరే స్ట్రెయిన్ అమ్మితే కుదరదు. నెలలు నిండని బిడ్డలకి ఇంట్లోవాళ్ళు సొంతంగా ఇచ్చేయడం అసలే కూడదు.

ఐబీఎస్, కడుపుబ్బరం ఉన్నవాళ్ళకి సాక్ష్యం అటూ ఇటూగా ఉంది. 2020లో అమెరికన్ గ్యాస్ట్రోఎంటరాలజీ అసోసియేషన్ ఐబీఎస్‌కి ట్రయల్స్‌లో తప్ప వాడమని చెప్పలేదు. ఒకసారి చూద్దాం అనుకుంటే ఒక్క స్ట్రెయిన్ ఎంచుకుని, తిండి మార్చకుండా, నాలుగు వారాలు చూడండి. తేడా లేకపోతే మానేయండి, రెండో సీసా కొనకండి. ఏ జబ్బూ లేని మనిషి రోజూ వేసుకుంటే లాభమని నమ్మడానికి మాత్రం నాకు ఆధారం కనబడలేదు. మింగినవి కడుపులో కాపురం పెట్టవు. ఆపేశాక కొన్ని రోజుల్లో, మహా అయితే కొన్ని వారాల్లో వెళ్ళిపోతాయి. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ 2018లో ఇంకో చిత్రం చూపించింది. యాంటీబయాటిక్ కోర్సు అయ్యాక 11 స్ట్రెయిన్ల ప్రోబయాటిక్ వాడినవాళ్ళలో, వాళ్ళ సొంత సూక్ష్మజీవులు తిరిగి రావడం ఏమీ వాడనివాళ్ళకంటే ఆలస్యమైంది. విరేచనాలు ఆపడం వేరు, పేగుల్లో పాత కళ తిరిగి రావడం వేరు.

ప్రమాదం లేదనీ అనలేం. నెదర్లాండ్స్‌లో పాంక్రియాస్ వాపు ముదిరిన 298 మంది రోగులతో చేసిన ట్రయల్ 2008లో వెలువడింది. ప్రోబయాటిక్ ఇచ్చినవాళ్ళలో 24 మంది చనిపోయారు, ఇవ్వనివాళ్ళలో 9 మంది. ఐసీయూలో ఉన్నవాళ్ళు, కీమో నడుస్తున్నవాళ్ళు, మెడ దగ్గర పెద్ద రక్తనాళంలో గొట్టం వేయించుకున్నవాళ్ళు డాక్టర్ మాట లేకుండా వీటి జోలికి పోకూడదు. మలంలో రక్తం పడుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా వెళ్ళాల్సింది మందుల షాపుకి కాదు, డాక్టర్ దగ్గరికి.

మరి మన పెరుగు మాటేమిటి? ఇంట్లో తోడేసిన పెరుగులో కోట్లాది బతికున్న బ్యాక్టీరియా ఉంటుంది, ఏ స్ట్రెయినో తెలియదు. కాబట్టి నిర్వచనం ప్రకారం అది ప్రోబయాటిక్ కాదు, అయినా తినడానికి మంచి కారణమే ఉంది. 2021లో స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు 36 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకి పదివారాలు పులిసిన ఆహారం పెంచితే, వాళ్ళ పేగుల్లో సూక్ష్మజీవుల రకాలు పెరిగాయి, రక్తంలో వాపు సూచికలు తగ్గాయి. చిన్న ట్రయలే, కానీ నెలకో సీసా కొనే డబ్బుతో పోల్చుకుంటే పెరుగు దండగ కాదు. ఇడ్లీని ఈ లెక్కలో వేసేవాళ్ళుంటారు. పిండిని పులియబెట్టే ల్యూకోనోస్టాక్ బ్యాక్టీరియా ఆవిరికి చచ్చిపోతుంది. మజ్జిగ పులుసూ అంతే. తరవాణి, చద్దన్నం, మజ్జిగ అయితే వేడి చెయ్యం కాబట్టి అందులోవి బతికే ఉంటాయి. చోడి (రాగి) అంబలి పొయ్యి మీద ఉడుకుతుండగానే మజ్జిగ పోసేస్తే ఏమీ మిగలదు, గిన్నె దించి, వేలు పెట్టగలిగేంత చల్లారాక కలపాలి.